నా మాట మీద ఆడిన మ్యాచ్‌లు

మా బావ ఆట చెడిపోయిందన్న మాట నేను మొదటిసారి ఒక లారీ డ్రైవరు నోట విన్నాను.

కృష్ణపట్నం పోయే రోడ్డులో ఒక కాటా ఉంది. పోర్టు నుంచి వచ్చే లారీలు, పోర్టుకు పోయే లారీలు దాని మీదికి ఎక్కి దిగుతాయి. నేను కిటికీ వెనక కూర్చుని కంప్యూటర్లో తూకం చూసి చీటీ ఇస్తాను. చీటీ కోసం నిలబడ్డ డ్రైవర్లు ప్రపంచంలోని సంగతులన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. కిటికీ వెనక మనిషి ఉందని వాళ్ళకు గుర్తుండదు. ఆ రోజు ఇద్దరు కుర్రాళ్ళు ముందు ఆదివారం ఆడిన మ్యాచ్ గురించి చెప్పుకుంటున్నారు. ముత్తుకూరు మీద గెలిచినట్టున్నారు, హుషారుగా ఉన్నారు.

"వాళ్ళకి ఇంకా ఆ పెద్దాయనే ఓపెనింగ్ వస్తా ఉండాడు. ఆయన ఉన్నంతకాలం మనకి ఒక వికెట్టు చేతిలో ఉన్నట్టే," అన్నాడు ఒకడు. రెండోవాడు బ్యాటు పట్టుకున్నట్టు చేతులు పెట్టి, బంతి పోయిన తర్వాత తీరిగ్గా ఊపి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

చీటీ ప్రింటయి నా చేతిలో ఉంది. ఇవ్వలేదు. ఆ పెద్దాయన పోయినేడు మీ టీము మీద ఎంత కొట్టినాడో గుర్తుందా అని అడిగాను. వాడు కిటికీలోకి వంగి చూసి, నీకెట్ట తెలుసక్కా అన్నాడు. ఆయన మా ఆయన అని చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. "తప్పుగా అనుకోబాకక్కా, ఆటలో మాట," అని చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ లారీ కాటా దిగిపోయినా, వెనక లారీవాడు హారన్ కొట్టేదాకా నేను తర్వాతి చీటీ మొదలుపెట్టలేదు.

బావ మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు అలవాటైన పిలుపును పెళ్ళయ్యాక మార్చుకోలేదు. థర్మల్ ప్లాంటులో బొగ్గు బెల్టు దగ్గర షిఫ్టు డ్యూటీ. నలభై దాటింది. ముత్తుకూరు టీముకు ఇరవై ఏళ్ళకు పైగా మొదటి బంతి ఆడుతున్నది ఆయనే. మావైపు ఎండాకాలం వస్తే ప్రతి ఊళ్ళోనూ టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు పెడతారు. కోత కోసిన పొలాన్ని చదును చేసి, మైకు కట్టి, షామియానా వేస్తారు. ఆ మైదానాల్లో బావ పేరు తెలియని వాళ్ళకు కూడా ఆయన నిలబడే తీరు తెలుసు. బ్యాటు నేలకు ఆనించడు. గాలిలో పట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నవాడు మధ్యలో ఆగినట్టు, మెడ కొంచెం పక్కకు వంచి నిలబడతాడు.

ఆ ఆట నాకు కొత్త కాదు. మేనత్త ఇల్లూ మా ఇల్లూ ఒకే వీధిలో ఉండేవి. సెలవుల్లో బావ బ్యాటు పట్టుకుంటే నేనూ మా తమ్ముడూ వంతులేసుకుని బంతులు వేసేవాళ్ళం. నేను పెద్దమనిషినయ్యాక ఇంట్లో మాన్పించారు. తమ్ముడు మాత్రం వేస్తూనే ఉండి, మీసాలు రాకముందే బావ వెంట టీములోకి పోయాడు. వాడికి రొయ్యల మేత కొట్టు ఉంది. రెండేళ్ళ కింద వాణ్ణి కెప్టెన్ని చేశారు. చేయమని చెప్పింది కూడా బావే. తన కంటే వాడికి ఓపిక ఎక్కువ అని చెప్పి కెప్టెన్సీ వదులుకున్నాడు.

ఆ ఏడు క్రిస్మస్ అయిపోయి మ్యాచ్‌లు మొదలైనప్పటి నుంచి బావకు పరుగులు రావడం మానేశాయి. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఆదివారం బౌల్డ్, ఇంకో ఆదివారం మిడాన్‌లో క్యాచ్, మరో ఆదివారం అసలు కొట్టాల్సిన అవసరమే లేని బంతిని కొట్టబోయి మళ్ళీ బౌల్డ్. అంతకుముందు కూడా ఇలాంటి వారాలు వచ్చేవి, పోయేవి. ఈసారి పోలేదు. ఆదివారం పొద్దున్నే చర్చిలో మొదటి ఆరాధనకు ఇద్దరం కలిసి వెళ్ళి, గుడి నుంచే ఆయన మైదానానికి పోయేవాడు. సాయంత్రం బండి శబ్దం వినగానే నాకు తెలిసిపోయేది. బాగా ఆడిన రోజు వీధి మొదట్లోనే హారన్ కొట్టేవాడు. ఆ వేసవిలో బండిని ఇంజను ఆపి, తోసుకుంటూ వాకిట్లోకి తెచ్చేవాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. గుడి దగ్గర ఒక పెద్దామె, ఈ వయసులో పిలకాయలతో ఆటేంది, ఆదివారం ఇంటిపట్టున ఉండొచ్చు గదా అంది. మీ ఆయన ఆదివారం ఇంటిపట్టున ఉండి ఏం చేస్తా ఉండాడో అందరికీ తెలుసు గదా అన్నాను. ఆమె తర్వాత చాలా వారాలు నాతో మాట్లాడలేదు. మా అమ్మ కూడా, మీ ఆయనకి ఇంక చాలని చెప్పరాదా అంది. అమ్మతోనూ పోట్లాడాను. కాటా దగ్గర టీ తెచ్చే మనిషితోనూ పోట్లాడాను. నా వాదన ఎప్పుడూ ఒకటే. పద్దెనిమిదేళ్ళవాడు సున్నాకి అవుటైతే ఆటలో మామూలే అంటారు. నలభై ఏళ్ళవాడు అవుటైతే వయసైపోయిందంటారు. ఇద్దరూ అవుటైంది ఒకే రకం బంతికి. మరి ఒకరికి ఒక కారణం, ఇంకొకరికి ఇంకో కారణం ఎట్లా వస్తుంది? ఈ ప్రశ్నకు ఎవరూ నాకు జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడం వల్ల నేను గెలిచినట్టు అనుకునేదాన్ని.

లోపల మాత్రం భయంగా ఉండేది. షిఫ్టులు మారడం వల్ల నిద్ర చాలడం లేదేమోనని, ఆయన పడుకున్నప్పుడు ఇంట్లో చప్పుడు కాకుండా చూశాను. వీధిలో చేపలమ్మే ఆమెను కేక వెయ్యకుండా మా ఇల్లు దాటి పొమ్మని బతిమాలాను. నలభై దాటినవాళ్ళకు చూపు తగ్గుతుందని ఎవరో అంటే, ఒక శనివారం నెల్లూరు తీసుకుపోయి కళ్ళ డాక్టరుకు చూపించాను. వచ్చేందుకు బావ ఒప్పుకోలేదు, నాకే తలనొప్పి అని అబద్ధం చెప్పి బయల్దేరదీశాను. డాక్టరు ఇద్దరి కళ్ళూ చూసి, నాకు అద్దాలు రాసి, ఆయన కళ్ళు కుర్రవాడి కళ్ళలా ఉన్నాయన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి బావ చాలా రోజుల తర్వాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కళ్ళకే ఏదో అయి ఉంటే బాగుండుననుకున్నాను. అద్దాలు పెట్టుకుంటే పోయేదేదో ఒకటి. ఏమీ లేదంటే ఇంక దేనికి వైద్యం చెయ్యాలి?

ఇంటి వెనక సరుగుడు తోటకూ మా ప్రహరీకీ మధ్య కొంచెం జాగా ఉంది. సాయంత్రాలు అక్కడికి పోదాం రమ్మన్నాను. చున్నీ నడుముకు బిగించి, పెళ్ళికి ముందు ఎప్పుడో వదిలేసిన బంతి మళ్ళీ పట్టుకున్నాను. మొదట నా బంతులు ఆయన దాకా పోనే లేదు. తర్వాత చెయ్యి దానంతటదే గుర్తు తెచ్చుకుంది. వేసినవన్నీ కొట్టాడు. సముద్రం గాలికి ఎదురుగా కొట్టిన బంతి కూడా తోటలోకి పోయి పడింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

"నీకేమీ కాలేదు బావా. ఇప్పుడు కొట్టినావు గదా," అన్నాను.

ఆయన చెట్ల మధ్య బంతి వెతుకుతూ, "నువ్వేస్తే ఎవురైనా కొడతారు," అన్నాడు. కోపంగా కాదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు.

ఈస్టర్‌కు ముందు వారం మధ్యాహ్నం, బావ డ్యూటీలో ఉండగా తమ్ముడు ఇంటికొచ్చాడు. మామూలుగా వస్తే నేరుగా వంటింట్లోకి పోయి గిన్నెలమీద మూతలు తీసి చూసే మనిషి. ఆ రోజు ముందుగదిలోనే కుర్చీ అంచున కూర్చున్నాడు. ఫోన్ తీసి టీము వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియో చూపించాడు. బావ అవుటవడం ఎవరో తీశారు. దాన్ని నిదానంగా నడిపించి, కింద నవ్వు బొమ్మలు పెట్టారు. పెట్టినవాళ్ళు మా టీము పిల్లలే. ఆ గ్రూపులో బావ కూడా ఉన్నాడు కదా అన్నాను. ఉండాడక్కా, చూసినాడు కూడా, ఏమీ అన్లా అన్నాడు.

తర్వాత అసలు మాట చెప్పాడు. కొడవలూరు టోర్నమెంటు దగ్గరికొచ్చింది. ఓపెనింగ్ ఆడగలిగిన కుర్రాడొకడు తయారుగా ఉన్నాడు. బావను కొన్నాళ్ళు ఆపుదామని అందరూ అంటున్నారు. బావకు తాను చెప్పలేడు. తనకు బ్యాటు పట్టుకోవడం నేర్పిన మనిషికి ఆ మాట ఎట్లా చెప్పేది?

"నువ్వు చెప్పక్కా. నువ్వయితే ఏదో ఒక రకంగా చెప్తావు. కాలు నొప్పి అనో, డ్యూటీలు కుదరడంలా అనో ఆయనే అన్నట్టు చేయి. మర్యాదగా ఉంటాది."

నేను ఒప్పుకోలేదు. ఆ పూట వాడితో మాట్లాడినంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడి ఉండను. బావ ఇన్నేళ్ళు గెలిపించిన మ్యాచ్‌లు గుర్తు చేశాను. ఆయన తొలి ఓవర్లు ఆడి బంతిని పాత చేస్తే వెనకొచ్చినవాళ్ళు కొట్టి పేరు తెచ్చుకున్న సంగతి గుర్తు చేశాను. వాడు చేతులు కట్టుకుని వింటూ, అది నిజమే కానీ ఇప్పుడు సంగతి వేరే అని మధ్యమధ్య అంటున్నాడు. వాడు చెప్పేదాంట్లో న్యాయం ఉందని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసేకొద్దీ నా గొంతు పెరిగింది. చివరికి, "మా ఆయనకి నువ్వు మర్యాద చెయ్యాల్సింది ఇట్ట కాదు. కొడవలూరులో ఆయన్నే ఆడించు. ఆడించకపోతే ఇంక ఈ ఇంటికి నువ్వు రాబాక," అన్నాను.

తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, సరేలే అక్కా అన్నాడు. అన్నం తినకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పటికీ నేను చేసింది తప్పని నా మనసు ఒప్పుకోదు. ఆ పూట మళ్ళీ వస్తే మళ్ళీ అదే అంటానేమో. కానీ ఏం జరిగిందో అది జరిగింది.

తర్వాత కొన్ని ఆదివారాలు బావ కొంచెం తేలిగ్గా ఉన్నాడు. పరుగులు రాలేదు, కానీ మనిషి తేరుకున్నట్టు కనిపించాడు. ఒకరోజు అన్నం తింటూ, వీళ్ళందరూ ఏమన్నా మీ తమ్ముడు మాత్రం నన్ను వదల్లా అన్నాడు. నేను చారు వడ్డిస్తున్నాను. అవును అన్నాను.

కొడవలూరు మ్యాచ్ చూడ్డానికి నేను కూడా వెళ్ళాను. పెళ్ళయ్యాక మైదానానికి పోవడం తక్కువ. ఆ రోజు నేను పక్కనుంటే ఆడతాడని ఎందుకో గట్టిగా అనిపించింది. మ్యాచ్ ఒక కోసిన మడిలో పెట్టారు. వరి మొదళ్ళు ఇంకా అక్కడక్కడా కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. హైవే మీద లారీల హోరు, దానికి మించి మైకు హోరు. ఆడవాళ్ళు నలుగురైదుగురు కంటే లేరు. నేను షామియానా పక్కన మా బండి దగ్గర నిలబడ్డాను.

అవతలి టీము ఆడేశాక మావాళ్ళు బ్యాటింగ్‌కు దిగారు. బావ ఎప్పటిలాగే మొదటి బంతి ఆడడానికి పోయాడు. ఆయన నడిచి వస్తుంటే మైకులో, ముత్తుకూరు తాతగారు వస్తున్నారని చెప్పి నవ్వారు. బావ వినబడనట్టే పోయి నిలబడ్డాడు. మొదటి బంతులు ఎట్లాగో కాచుకున్నాడు. కొట్టిన ప్రతి బంతీ మనిషి దగ్గరికే పోతోంది. అవతలి వైపు వికెట్టు పడి మా తమ్ముడు వచ్చాడు. వాడు రాగానే వరసగా రెండు ఫోర్లు కొట్టాడు. ఇంక గెలుస్తామనిపించింది. అప్పుడు బావ ఒక బంతిని పక్కకు నెట్టి, రా అని కేకేశాడు. పరుగు లేదు. ఫీల్డరు దగ్గరే ఉన్నాడు. తమ్ముడికి కూడా అది తెలుసు. ఐనా బావ పిలిచాడని పరిగెత్తాడు. సగం దూరం వచ్చాక బావ ఆగి వెనక్కి తిరిగాడు. తమ్ముడు మధ్యలో నిలబడిపోయాడు.

రనౌటయినా వాడు బావను ఏమీ అనలేదు. బ్యాటు చంకలో పెట్టుకుని వచ్చేశాడు. బావ ఇంకా చాలాసేపు ఆడాడు. అదే కష్టమైంది. అవుటయినా బాగుండేది. బంతులు తినేస్తూ ఉన్నాడు, బయట జనం ఈలలు వేస్తున్నారు, మా పిల్లలు షామియానా కింద తలలు పట్టుకున్నారు. నేను మొదటిసారి ఆయన అవుట్ కావాలని కోరుకున్నాను. ఆఖరికి అయ్యాడు. మ్యాచ్ పోయింది.

మ్యాచ్ అయ్యాక అందరూ బండ్ల దగ్గర చేరారు. ఓపెనింగ్ ఆడాల్సిన ఆ కుర్రాడు, ఆ రోజంతా బయట కూర్చున్నవాడు, బూట్ల దారాలు విప్పుకుంటూ మా తమ్ముడితో అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"మీ అక్క ఇంటికి రావొద్దంటాదని నువ్వు ఆయన్ని ఆడిస్తా ఉండావు. దానికి మేమందరం ఓడిపోవాల్నా అన్నా?"

తమ్ముడు వాడి చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు అడ్డం పడ్డారు. బావ అప్పుడే నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. తిప్పడం ఆపి తమ్ముడి మొహంలోకి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. మేమిద్దరం ఒకే తల్లి పిల్లలం, ఇద్దరం ఒకే రకంగా తల దించుకున్నాం. ఆయన సీసా మూత మళ్ళీ బిగించాడు. బ్యాటు సంచిలో పెట్టి, బండి స్టార్టు చేసి, నేను ఎక్కేదాకా ఆగాడు.

హైవే మీద నెల్లూరు దాకా వచ్చాం. ఊరు దాటి ముత్తుకూరు రోడ్డులోకి తిరిగాక ఒక రొయ్యల గుంట పక్కన బండి ఆపాడు. గుంటలో చక్రాలు తిరుగుతూ నీళ్ళు తెల్లగా చిమ్ముతున్నాయి. బండి దిగి, నావైపు తిరగకుండా అడిగాడు.

"నిజమేనా?"

"నిజమే."

"నేనడిగినానా నిన్ను?"

"అడగలా."

నేను నా వాదనంతా మళ్ళీ చెప్పబోయాను. వయసనీ, కుర్రాళ్ళనీ ఏదో మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

"నాకు రన్స్ రావడం లేదని నాకు తెలీదనుకున్నావా? ఊరంతా నవ్వతా ఉండారు, వినబడలేదనుకున్నావా? ఐనా ప్రతి ఆదివారం ఎందుకు పొయ్యేవాణ్ణి? మీ తమ్ముడికి నా మీద నమ్మకం ఉండాది అని. వాడికి ఆట తెలుసు, వాడు తియ్యలేదంటే నాలో ఇంకా ఏదో ఉండాది అని. ఆ ఒక్కటి పట్టుకునే పొయ్యేవాణ్ణి. అది నీ మాట అని నాకేం తెలుసు?"

అన్ని నెలలుగా ఎవరేమన్నా ఠక్కున బదులు చెప్పినదాన్ని. ఆ సాయంత్రం మాత్రం, నాకు నమ్మకముంది గదా బావా అని ఒక్క ముక్క అన్నాను. అది చాలదని అంటుండగానే తెలిసింది. ఆయన బండెక్కాడు.

తర్వాతి రోజులు బాగా గడవలేదు. బావ నాతో పోట్లాడి ఉంటే సులువుగా ఉండేది. డ్యూటీకి క్యారియర్ తీసుకుపోయేవాడు, తెచ్చి కడిగే చోట పెట్టేవాడు, అడిగినదానికి బదులు చెప్పేవాడు. బ్యాటు సంచి మేడ మెట్ల కింద పెట్టాడు. ఆదివారం గుడికి పోయి నాతోపాటే ఇంటికి తిరిగొచ్చాడు. మ్యాచ్ టైముకు ఏం చెయ్యాలో తెలియక, ఆరేసిన బట్టల మీది బొగ్గు నుసి దులుపుతూ దండెం దగ్గర తిరిగాడు. ఇంట్లో ఆ వేళకు మగమనిషి ఉండటం నాకు అలవాటు లేదు. ఏ గదిలోకి పోవాలో తెలియలేదు.

తమ్ముడు మా ఇంటి వైపు రావడం మానేశాడు. మా అమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినప్పుడు బావా తమ్ముడూ ఇద్దరూ వచ్చారు. ఒకరు తలుపు దగ్గర, ఒకరు కిటికీ దగ్గర కూర్చున్నారు. కళ్ళు మూసుకోమన్నప్పుడు నేను తెరిచి చూశాను. తమ్ముడు కూడా తెరిచి బావవైపు చూస్తున్నాడు. కూడిక అయ్యాక వాణ్ణి పెరట్లోకి పిలిచాను. ఈసారి గొంతు పెంచలేదు. ఆ రోజు నా నోటితో చెప్పించాలని చూసింది నువ్వే, ఇప్పుడైనా పోయి నీ నోటితో చెప్పు అన్నాను. ఇప్పుడేం చెప్పాలక్కా, ఆయన రావడమే మానేసినాడు గదా అన్నాడు. ఐనా చెప్పు అన్నాను.

వాడు ఆ వారమే ఒక సాయంత్రం వచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. ముందుగదిలో మాటలు నాకు వినబడుతున్నాయి. తమ్ముడు ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, "బావా, ఈ సీజన్‌కి నిన్ను తీసేస్తా ఉండా," అన్నాడు. బావ ఎందుకని అడిగాడు. అందరూ చెప్పినట్టు వయసని చెప్తాడేమోనని నేను పొయ్యి తగ్గించి విన్నాను. తమ్ముడు వయసు మాటే ఎత్తలేదు. నీ ముందు కాలు రావడం లేదు, నిలబడ్డచోటే నిలబడి చేతులతో ఆడుతున్నావు, నిదానంగా వేసే బంతికి బ్యాటు ముందే వచ్చేస్తోంది, క్యాచ్‌లన్నీ అట్లాగే పోతున్నాయి అని ఒక్కొక్కటే చెప్పాడు. కొన్ని లేచి చేసి కూడా చూపించాడని అడుగుల చప్పుడును బట్టి తెలిసింది. కుర్చీ జరిగిన చప్పుడైంది. బావ కూడా లేచినట్టున్నాడు. ఇట్టనా అంటున్నాడు. కాదు, అట్ట కాదు బావా, ఇంకా వెనక అంటున్నాడు తమ్ముడు.

చాలాసేపటికి బావ గొంతు వినబడింది.

"ఇదంతా ఈస్టర్‌కి ముందే చెప్పుంటే పోయేది గదరా."

"భయమేసింది బావా."

నేను ఉల్లిపాయలు కోస్తూ నిలబడిపోయాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నందుకు సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఇన్ని నెలలు ఆయన కోసం అందరితో పోట్లాడింది నేను, ఆయనకు కావాల్సింది ఆ ముందు కాలు సంగతి. నేనే బంతులు వేశాను, ఎదురుగా నిలబడి చూశాను, నాకు ఆ కాలు కనబడలేదు. కొడుతున్నాడా లేదా అన్నదొక్కటే చూశాను.

ఆ సీజనంతా బావ బయటే ఉన్నాడు. మధ్యలో వేరే వాళ్ళ మ్యాచ్‌లకు అంపైరింగ్‌కు పిలిస్తే పోలేదు. తమ్ముడితో మాటలు మామూలైపోయాయి. వాడు మళ్ళీ వంటింట్లోకొచ్చి మూతలు తీస్తున్నాడు. నాతో మామూలుగా ఉండటానికి మాత్రం బావకు వానాకాలం దాకా పట్టింది. నా మీద కోపం పోలేదని కాదు. నేను ఏదైనా బాగుందంటే, ఎందుకంటున్నానోనని ఒక క్షణం చూసేవాడు. కొత్త చొక్కా బాగుందన్నా అంతే, కూర ఆయన వండిన రోజు బాగుందన్నా అంతే.

తుఫాను వానలు వెలిశాక, క్రిస్మస్ ముందు, టీము మళ్ళీ ప్రాక్టీసు మొదలుపెట్టింది. బావ ఒకరోజు మెట్ల కింద నుంచి సంచి తీసి, డ్యూటీ దిగి నేరుగా అటే పోయాడు. నేను ఏమీ అడగలేదు. వారం రోజులు పోయివచ్చాడు. ఒక సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఆరో నంబర్లో ఆడమన్నాడు మీ తమ్ముడు అన్నాడు. నాకు ముందు సంతోషమే వచ్చింది. మంచిది బావా అన్నాను. ఆయన చెంబు కింద పెట్టి నావైపు తిరిగాడు.

"నువ్వేమన్నా చెప్పినావా వాడికి?"

"లేదు."

"నిజంగా?"

"దేవుడి సాక్షిగా చెప్తా ఉండా. వాడితో ఆట మాటే ఎత్తలా."

తల ఊపాడు. లోపలికి పోయి తువాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి, నేను అక్కడ నిలబడి ఉండగానే, తమ్ముడికి చేశాడు. "మీ అక్క ఏమన్నా చెప్పిందా నీకు?" అని అడిగాడు. అవతల వాడు ఏమన్నాడో నాకు వినబడలేదు. బావ విని, సరే, ఆదివారం వస్తా అని పెట్టేశాడు.

ఆ సీజన్లో ఆడాడు. కొన్ని రోజులు కొట్టాడు, కొన్ని రోజులు లేదు. రెండు మ్యాచ్‌లలో కింద నుంచి వచ్చి గెలిపించాడని తమ్ముడు చెప్పాడు. మరో మ్యాచ్‌లో మొదటి బంతికే పోయాడని కూడా వాడే చెప్పాడు. ఇప్పుడు మళ్ళీ మ్యాచ్‌ల కాలం వచ్చింది. టీములో ఎవరెవరు ఉంటారో తమ్ముడు ఇంకా చెప్పలేదు. ఈ రోజుల్లో వాడు మా ఇంటికొస్తే, నేను బావ ఎదురుగానే మాట్లాడతాను. ఆయన పక్క గదిలో ఉంటే వచ్చేదాకా ఆగుతాను.